సుమతి లాంచీ సమతౌల్యం

నేరేడులంకలో తెల్లారిందని చెప్పే అధికారం సూర్యుడికి లేదు. ఆ అధికారం కామాడి పోతురాజు సరంగుది. సూర్యుడు తన మానాన తాను వచ్చి అరటితోటల మీద నిలబడేవాడు. లంకలో ఒక్కరూ కదిలేవారు కాదు. అవతల పడమటి రేవులో పోతురాజు "సుమతి" లాంచీ ఎక్కి మొదటి కూత వేశాకే గేదెల దగ్గర చెంబులు చప్పుడయ్యేవి. లాంచీ నడిగోదారికి వచ్చి రెండో కూత వేస్తే పాలకేన్లు నెత్తికెక్కేవి. లంక రేవులో మూడో కూత పడ్డాక కూడా ఇంట్లో ఉన్నవాళ్ళు ఆ పూట పాలు తోడేసుకోవలసిందే. ఊళ్ళో కాఫీ హోటళ్ళకి పొద్దుటి పాలు పొద్దున్నే కావాలి. ఎండెక్కాక తెస్తే మూత తీసి వాసన చూసి మొహం తిప్పేస్తారు.

అంచేత లంక బతుకంతా ఆ కూతల మీదే నడిచేది. ఈ సంగతి అందరికన్నా పోతురాజుకే ఎక్కువ తెలుసు. లాంచీ నడిపే సరంగులు గోదారి మీద చాలామందే ఉన్నారు కానీ, కూత వేసేముందు మీసం సవరించుకునే సరంగు అతనొక్కడే. తన కూత వింటే చాలు గేదెకి పాలు చేపుకొస్తాయని రేవులో కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు గానీ కాదనేవాళ్ళు కాదు.

అలాంటి కూత ఒక కార్తీకమాసంలో బొంగురుపోయింది. నిన్నటిదాకా లంక ఈ కొస నుంచి ఆ కొస దాకా మోగినది, ఇవాళ జలుబు చేసిన మేకపోతులా "బ్రేఁ" అని ఊరుకుంది. దగ్గరివాళ్ళకి వినబడింది. దిగువ కొసలో ఉన్నవాళ్ళకి వినబడలేదు. దిగువ కొసలో ఉండేది మంగాయమ్మ. మొగుడు పోయాక నాలుగు గేదెల మీద సంసారం లాక్కొస్తున్న మనిషి, నోరు పెట్టిందంటే గోదారి అవతల కూడా వినబడుతుంది. ఆవిడ కేన్లు ఎత్తుకుని పరుగెత్తుకొచ్చేసరికి లాంచీ ఒడ్డు విడిచేసింది.

"ఏవయ్యా తమ్ముడూ! కూతెయ్యమంటే దగ్గుతున్నావేటి? నీ లాంచీకి మిరియాల కషాయం కాచి తెమ్మంటావా?" అని అరిచింది ఒడ్డు మీంచి.

లాంచీలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. పోతురాజుకి తల కొట్టేసినట్టయింది. పైగా ఆ పూట ఆవిడ పాలన్నీ వెనక్కి పోయాయి. ఆ రెండింట్లో ఏది ఎక్కువ బాధించిందో అడిగితే అతను నిజం చెప్పడు గానీ, రెండూ బాధించాయి. మర్నాడే పోయి ఆఫీసులో దరఖాస్తు పెట్టుకున్నాడు. "అయ్యా, మా లాంచీ కూత బొంగురుపోయినది. బ్యాటరీ పాతబడినదేమో చూసి, కొత్తది ఒకటి ఇప్పించ ప్రార్థన."

ఒకటి అనే రాశాడు పాపం.

*

సరిగ్గా ఆ రోజుల్లోనే లాంచీలు నడిపే జలయాన సంస్థ డైరెక్టరు గారు ఎక్కడో శిక్షణకి వెళ్ళొచ్చారు. అక్కడ ఆయనకి ఒక మాట నచ్చింది. పడవలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు ఎంతదో, ఆ కరెంటు దాచుకునే బ్యాటరీలు దానికి తగ్గట్టుండాలి అన్నది ఆ మాట. ఇంజనుకి బెల్టు తగిలించి తిప్పే ఆ ఆల్టర్నేటరుని మన రేవుల్లో డైనమో అంటారు. చిన్న డైనమోకి పెద్ద బ్యాటరీలు తగిలిస్తే అవి ఎప్పటికీ నిండవు, డైనమో మాడిపోతుంది. మరీ పెద్ద డైనమో పెడితే ఇంజను దాన్ని తిప్పలేక రొప్పుతుంది. మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. అదిగో, అక్కడే వచ్చింది చిక్కంతా. అబద్ధం ఆఫీసుకొస్తే ఎవడో ఒకడు అనుమానిస్తాడు. నిజం వస్తే అడ్డేముంది, దాని మీద సర్క్యులరు పుడుతుంది.

పుట్టింది. పేరు "సమతౌల్య పథకం". అందులో అసలు వాక్యాలు రెండే. "నిల్వ సామర్థ్యము ఉత్పాదనకు నాలుగు రెట్లకు తగ్గకుండా ఉండవలెను. ఉత్పాదన నిల్వలో నాలుగవ వంతుకు తగ్గకుండా ఉండవలెను." మొదటి వాక్యం అమలు చెయ్యడానికి నిల్వల విభాగం అని ఒకటి పెట్టి చక్రధరరావు గారిని కూచోబెట్టారు. రెండో వాక్యానికి ఉత్పాదన విభాగం పెట్టి కమలాకరం గారిని కూచోబెట్టారు. ఇద్దరి గదులూ ఎదురెదురుగా ఉంటాయి. ఇద్దరి మధ్యా మాటల్లేవు, రాతకోతలే. తగ్గితే ఏం చెయ్యాలో సర్క్యులరులో విపులంగా ఉంది. ఎక్కువైతే ఏం చెయ్యాలో లేదు. ఎక్కువవడం తప్పు కాదు కదా అని అందరూ అనుకున్నారు.

పోతురాజు దరఖాస్తు ముందుగా చక్రధరరావు గారి బల్ల మీద పడింది. ఆయన పోతురాజుని పిలిపించి కళ్ళజోడు పైనుంచి చూశారు.

"కూత అనునది ఫలితము. మేము ఫలితములను చూడము, మూలములను చూస్తాము. మీ లాంచీలో నిల్వ చాలా దయనీయ స్థితిలో ఉన్నది."

"ఆయ్. కూత కూడా అలాగే ఉందండి."

"నిల్వ పెరిగిన కొలది కూత దానంతట అదే వచ్చును. మీ ఆల్టర్నేటరుకు నాలుగు రెట్లు నిల్వ ఉండవలెను. కచ్చితముగా నాలుగు రెట్ల బ్యాటరీలు సంస్థ వద్ద లేవు. కొంచెము పెద్దవి ఉన్నవి. భవిష్యత్ అవసరముల దృష్ట్యా అవియే మంజూరు చేయుచున్నాను."

ఒకటి అడిగితే పెద్ద పెద్దవి నాలుగు వచ్చాయి. పోతురాజు రేవులో ఛాతీ విరుచుకుని తిరిగాడు. "మన లాంచీలో బ్యాటరీలు చూశారేటి, ఇంకే లాంచీలోనైనా ఉన్నాయేటి?" అని పాలకేన్లు మోసేవాళ్ళని ఆపి మరీ చూపించాడు. చూపించాక మీసం సవరించుకుని కూత వేశాడు.

"బ్రేఁ" అంది.

*

"అది బ్యాటరీలు నిండక మావా," అన్నాడు ఇంజను డ్రైవరు అబ్బులు. వరసకి పోతురాజుకి మేనల్లుడు, ప్రతి దానికీ ఒక కారణం చెప్పి ఆవులించే రకం. "ఈ బుల్లి డైనమో అన్ని బ్యాటరీలని ఎక్కడ నింపుతాది? చెయ్యెట్టి చూడు, అట్లకాడలా కాలిపోతంది."

చెయ్యి పెట్టి చూశాడు. కాలింది. వారం తిరక్కుండా డైనమోలోంచి మాడువాసన కూడా వచ్చింది. ఈసారి దరఖాస్తు కమలాకరం గారి దగ్గరికి వెళ్ళింది.

కమలాకరం గారు సన్నగా, చురుగ్గా ఉంటారు. ఎదుటి గది చేసిన ప్రతి పనిలోనూ ఆయనకి దేశద్రోహం కనబడుతుంది.

"చూశారా! ఉత్పాదన లేకుండా నిల్వ పెంచినారు. సంపాదన లేనివాడికి భోషాణం కొనిపెట్టినట్లు! ఇప్పుడు మీ బ్యాటరీలలో నాలుగవ వంతుకు తగ్గని ఆల్టర్నేటరు పెట్టవలెను. ఆ కొలతది మా వద్ద లేదు. దానికన్న ఒక సైజు పెద్దది ఉన్నది. తగ్గకూడదు గాని హెచ్చినచో దోషము లేదు."

"మరి కూతండీ?"

"కూతయా? పగిలిపోవును చూడండి!"

పెద్ద డైనమో వచ్చింది. కూత పగల్లేదు. "బ్రేఁ" అంది. కానీ ఆ సాయంత్రమే చక్రధరరావు గారు రేవుకి వచ్చి, డైనమో మీద రాసి ఉన్న అంకె చూసి గుండె పట్టుకున్నారు. ఉత్పాదన అంత ఉంటే నిల్వ ఇంతేనా? నాలుగు రెట్లకి తగ్గిపోలేదూ? మర్నాడు ఇంకో నాలుగు బ్యాటరీలు దిగాయి. అవి దిగాయని తెలిసి కమలాకరం గారు పరుగున వచ్చారు. నిల్వ అంత ఉంటే ఉత్పాదన ఇంతేనా? ఇంకో డైనమో దిగింది. సంస్థ దగ్గర ఉన్న సైజులేవీ ఎదుటివాళ్ళ సైజులకి అచ్చంగా కలవవు. ఎవరి పెద్దమనసు కొద్దీ వాళ్ళు ఒక మెట్టు పైకే ఎక్కించారు తప్ప కిందికి దించలేదు. పాపం, దించమని సర్క్యులరులో ఎవరూ రాయలేదు.

పుష్యం నాటికి లాంచీలో బల్లల కింద బ్యాటరీలు నిండాయి. మాఘానికి బల్లలు తీసేసి ఆ చోట్లో బ్యాటరీలు పెట్టారు. ఆడవాళ్ళు బ్యాటరీల మధ్య కాళ్ళు ఇరికించుకుని, కేన్లు నెత్తిమీదే పెట్టుకుని నిలబడి గోదారి దాటేవాళ్ళు. బ్యాటరీల మీద కూచోవద్దని ఒక బోర్డు, బ్యాటరీలకి ఆనుకోవద్దని ఇంకో బోర్డు వెలిశాయి.

"మేవెందుకు తమ్ముడూ ఇందులో? మమ్మల్ని ఒడ్డున దింపేత్తే వాటికి కాస్త చోటన్నా ఉంటాది," అంది మంగాయమ్మ.

ఆవిడ వేళాకోళానికే అంది. కానీ వేళాకోళాన్ని వేళాకోళంగా తీసుకునే అలవాటు ఆ సంస్థలో ఎవరికీ లేదు. ఆ మాట ఎలా చేరిందో చేరింది. నెలాఖరుకి ఉత్తర్వు వచ్చింది. "ప్రయాణికుల బరువు వలన నిల్వల భద్రతకు భంగము కలుగుచున్నందున, లాంచీలో పాలకేనుకు ఒక్కరు, ఆ ఒక్కరు కూడ పలుచని వారై ఉండవలెను."

మంగాయమ్మ పలుచని మనిషి కాదు.

*

ఇక లాంచీ సంగతి. మూడు పెద్ద డైనమోలని తిప్పాలంటే మాటలా? ఇంజను దమ్మంతా బెల్టులకే పోయింది. ఇంక నీళ్ళలో తిరిగే పంకాకి మిగిలిందేమిటి, ఏదో తిరిగాననిపించడం. పైగా బ్యాటరీల బరువుకి లాంచీ అంచుదాకా మునిగి ఉంది. ఒకరోజు పోతురాజు రేవు విడిచి, చుక్కాని లంక వైపే పట్టుకుని, ఎదురుగా చూస్తూ నిలబడ్డాడు. ఇంజను గట్టిగానే అరుస్తోంది. బెల్టులు కీచుమంటున్నాయి. లంక మాత్రం దగ్గరికి రాకపోగా పక్కకి జరిగిపోతోంది.

"అబ్బులూ! లంక ఎటెళ్ళిపోతందిరా?"

"లంక ఎక్కడికీ ఎళ్ళలేదు మావా. మనవే పోతన్నాం, సముద్రం కేసి."

ప్రవాహం వాళ్ళని తీసుకెళ్ళి లంకకి బాగా దిగువన ఒక ఇసకమేట మీద కూచోబెట్టింది. ప్రయాణికులు చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో తిట్టుకుంటూ నడిచి వెళ్ళారు. ఎవరిని తిట్టారో పోతురాజు వినదలచుకోలేదు. వినకుండా ఉండటానికి కూత వేశాడు. అదీ సాయం చెయ్యలేదు.

ఈ సంఘటనకి సంస్థ ఉలిక్కిపడింది. ఉమ్మడి తనిఖీ వేశారు. చక్రధరరావు గారూ, కమలాకరం గారూ మొట్టమొదటిసారి ఒకే లాంచీ ఎక్కారు. ఒకరు ముందువైపు నించి, ఒకరు వెనకవైపు నించి. చాలాసేపు లెక్కలు కట్టారు. చివరికి ఇద్దరి మొహాలూ ఒకేసారి వికసించాయి.

"ఆశ్చర్యము! నిల్వ సరిగ్గా నాలుగు రెట్లు ఉన్నది!" అన్నారు చక్రధరరావు గారు.

"ఉత్పాదన సరిగ్గా నాలుగవ వంతు!" అన్నారు కమలాకరం గారు.

ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. చూసేవాళ్ళకి కళ్ళు చెమర్చేటంత చక్కగా కలుపుకున్నారు.

"మరి లాంచీ కదలట్లేదండి," అన్నాడు పోతురాజు.

చక్రధరరావు గారు చిరాకుపడ్డారు. "మీరు అన్నిటినీ ఒకే గాటన కట్టుచున్నారు. సమతౌల్యము సాధించబడినది. ఇప్పుడు ఆలోచించవలసినది దానికి భంగము కలిగించునవి ఏవి అని."

"ఇంజను శక్తిలో కొంత భాగమును ఆ వెనుక పంకా లాగుకొనుచున్నది," అన్నారు కమలాకరం గారు, దొంగని పట్టుకున్నట్టు. "ఆ పంకాయే లేనిచో ఉత్పాదన నిరాటంకముగా సాగును."

"అబద్ధమాడకూడదు, సత్యము. అలాగే బ్యాటరీలలోనుండి ఒకే ఒక్క వస్తువు శక్తిని బయటకు తీయుచున్నది. కూత," అన్నారు చక్రధరరావు గారు.

"బాబయ్య, కూత కోసవే గదండీ ఇదంతా..." పోతురాజు గొంతు కూడా బొంగురుపోయింది.

"అది పూర్వరంగము. అనధికార వినియోగము ఎక్కడ ఉన్నను తొలగించవలసినదే."

పంకా విప్పేశారు. కూత విప్పేశారు. ప్రయాణికులు సరే, ఎప్పుడో దిగిపోయారు. సుమతి లాంచీ రేవులో మోకులు కట్టేసి, పొద్దున్నించి సాయంత్రం దాకా ఇంజను తిప్పుకుంటూ బ్యాటరీలు నింపుకుంటూ, నిండిన బ్యాటరీలు వాడేవాళ్ళు లేక మళ్ళీ వాటినే నింపుకుంటూ నిలబడింది. గోదారి మీద ఇంత సమతౌల్యం గల నౌక మరొకటి లేదని సర్టిఫికెట్టు వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టి, చుక్కాని దగ్గర గోదారి కనబడే చోట, గోదారి కనబడకుండా తగిలించారు.

*

లంకలో తెల్లారడం ఆగిపోయింది. సూర్యుడు వచ్చేవాడు, అది వేరే సంగతి.

మొదట్లో పాలు తోడు పెట్టారు. పెరుగు తిన్నారు. మజ్జిగ తాగారు. నెయ్యి కాచారు. కోవా చేశారు. పిల్లలు పాలగ్లాసు చూస్తే పారిపోయే పరిస్థితి వచ్చింది. చుట్టాలు వస్తే మంచినీళ్ళు అడిగినా మజ్జిగే పోశారు. కడుపులు నిండాయి గానీ చేతిలోకి వచ్చేది లేదు. ఊళ్ళో హోటళ్ళవాళ్ళు ప్యాకెట్టు పాలకి మారిపోతామని కబురు పెట్టారు. మంగాయమ్మ గేదెల్లో ఒకదాన్ని అమ్మడానికి బేరం పెట్టిందని తెలిసి పోతురాజు ఒక నాటుపడవ అడిగి తెచ్చుకుని, తెడ్డు వేసుకుంటూ లంకకి వెళ్ళాడు.

మంగాయమ్మ గేదెకి కుడితి పెడుతోంది. అతన్ని చూసి ఎప్పట్లా అరవలేదు. అదే అతనికి భయం వేసింది.

"తిట్టక్కా. నాలుగు తిట్లు తిట్టు," అన్నాడు.

"నిన్నెందుకు తిడతాను? నువ్వేం చేత్తావు?" అందావిడ. "మా దిగువ కొసకి వినబళ్ళేదనే కదా నువ్వు కాయితం పెట్టింది. మంచికే పెట్టావు. దీని పాలు పితికి పారబోసే కంటే, తాగేవాళ్ళున్న చోటికి తోలేత్తే అదైనా సుఖపడతాది."

పోతురాజు గేదె పక్కన కూలబడి ఏడ్చాడు. మీసాల మనిషి, నలుగురు చూస్తారని కూడా చూసుకోలేదు. తన కూతకి గేదెలు చేపుతాయని గొప్పలు చెప్పుకున్న నోటితోనే, తన వల్ల ఒక గేదె గుమ్మం దిగిపోతోందన్న మాట వినాల్సొచ్చింది.

ఏడ్చి ఏడ్చి తలెత్తేసరికి పెరటి వెనక ఒడ్డున బోర్లా ఉన్న పడవ కనబడింది. మంగాయమ్మ మొగుడు ఇసక తోలిన ఇంజను పడవ. ఇసక ఆపేశాక దాని మొహం చూసినవాళ్ళు లేరు.

"అక్కా, దాని ఇంజను తిరుగుతాదా?"

"తిరిగితే మాత్రం? దీపం లేదు, కూత లేదు. అవి లేని పడవని పడమటి రేవులో ఆగనియ్యరు కదా."

పోతురాజు లేచి, మొహం కడుక్కుని, మీసం సవరించుకున్నాడు.

సుమతిలోంచి మొట్టమొదట విప్పేసిన పాత బుల్లి డైనమో, పాత బ్యాటరీ, తరవాత విప్పేసిన కూత ఆఫీసు వెనక సందులో పడి ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో రెండు విభాగాలకీ పాలుపోలేదు. అవి సమతౌల్యం లేని సామాను. కొట్లో పెడితే కొట్టుకి అపకీర్తి. పోతురాజు వెళ్ళి, వాటిని సంస్థ కంటికి కనబడనంత దూరం తీసుకుపోతానని మనవి చేసుకున్నాడు. ఇద్దరు అధికారులూ ఇంత ఉమ్మడిగా ఇంకే పనికీ ఒప్పుకోలేదు. బరువు మొయ్యడానికి మనిషిని కూడా ఇచ్చారు.

లంకలో బోర్లా ఉన్న పడవకి తారులాంటి కీలు పూసి, తిరగేసి ఇంజను బిగించారు. అబ్బులు ఆవులిస్తూనే డైనమోకి బెల్టు తగిలించాడు, మాడిన చోట కొత్త తీగ చుట్టించి తెచ్చాడు. పోతురాజు కూత బూరా బిగిద్దామని చేతిలోకి తీసుకుని, దుమ్ము దులుపుదామని ఒడ్డురాయికి తట్టాడు. లోపల ఏదో గడగడలాడింది. చీపురుపుల్ల పెట్టి పొడిచాడు. మట్టి రాలింది. ఇంకా పొడిచాడు. కుమ్మరిపురుగు కట్టుకున్న గూడు మొత్తం ఉండలా ఊడి అతని అరిచేతిలో పడింది.

ఎంతుంది? రేగుపండంత.

అబ్బులు చూశాడు. మంగాయమ్మ చూసింది. అన్ని నెలల్లో అందరూ బ్యాటరీలు చూశారు, డైనమోలు చూశారు, పంకా చూశారు. కూత ఏ విభాగానికీ చెందదు గనక దాని నోట్లోకి ఎవరూ చూడలేదు. రోజూ దాన్ని మీసం తిప్పుతూ మోగించిన సరంగు కూడా చూడలేదు.

"నోరు తెరిచి చూపించమని వైద్యుడైతే మొట్టమొదటే అడుగుతాడు గదరా," అంది మంగాయమ్మ చివరికి. అని, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని గేదె చెవులు రిక్కించింది. పోతురాజుకి సిగ్గేసింది, తరవాత అతనూ నవ్వాడు.

మర్నాడు పొద్దున్న కూత లంక ఈ కొస నుంచి ఆ కొస దాకా మోగింది. పాలు నురుగుతోనే ఊరు చేరాయి. గేదె బేరం తప్పిపోయింది.

*

వైశాఖంలో డైరెక్టరు గారు సుమతికి బహుమతి ఇవ్వడానికి స్వయంగా వచ్చారు. దండలు వేశారు. ఉపన్యాసాలు అయ్యాయి. ఇంజను హోరుకి ఉపన్యాసాలు ఎవరికీ వినబడలేదు గనక సభ జయప్రదంగా ముగిసింది. అప్పుడు డైరెక్టరు గారికి ఒక సదుద్దేశం కలిగింది.

"ఈ పథకము వలన లబ్ధి పొందిన లంక ప్రజలను కన్నులారా చూడవలెనని ఉన్నది. పదండి, వెళ్దాం."

చక్రధరరావు గారు కమలాకరం గారి వైపు చూశారు. కమలాకరం గారు గోదారి వైపు చూశారు. గోదారి ఎవరి వైపూ చూడలేదు. అప్పుడే పాలు దింపి తిరుగుముఖం పడుతోంది మంగాయమ్మ పడవ.

అలా ముగ్గురు అధికారులూ ఖాళీ కేన్ల మధ్య కూచుని గోదారి దాటారు. చుక్కాని పట్టింది పోతురాజే. పొద్దున్న పాలు చేరవేసి, తరవాత వెళ్ళి సుమతిలో సర్టిఫికెట్టుకి కాపలా కూచోవడం అతనికి అలవాటైపోయింది. రేవు విడుస్తూ అలవాటు కొద్దీ కూత వేశాడు. అధికారుల చేతుల్లోని కాగితాలు ఎగిరిపడ్డాయి.

"అద్భుతము! ఇంతటి కూతకు ఎంత నిల్వ పెట్టినారు?" అని డైరెక్టరు గారు వంగి చూశారు. ఒక బుల్లి బ్యాటరీ, ఒక బుల్లి డైనమో కనబడ్డాయి. "ఈ రెండింటినీ ఇట్లు సరిపోల్చినది ఎవరు? ఏ సర్క్యులరు ప్రకారం?"

ముందువైపు కూచున్న మంగాయమ్మ నోరు తెరిచింది. పోతురాజు ఆవిడ వైపు చూసిన చూపుకి మళ్ళీ మూసింది. ఆవిడ నోరు తెరిచి మూసిన సందర్భం లంక చరిత్రలో ఇదొక్కటే.

"ఎవరూ సరిపోల్చలేదండి. వాటంతట అవే సర్దుకున్నాయండి," అన్నాడు పోతురాజు.

డైరెక్టరు గారికి ఆ జవాబు రుచించలేదు. జేబులోంచి కలం తీశారు. "లేదు లేదు, ఇట్టి చిన్న నౌకలకు కూడ మన పథకమును విస్తరింపవలెను. నీకేమైన ఇబ్బందులున్నచో మొగమాటపడక చెప్పు. ఇప్పుడే మంజూరు చేయుదును."

పోతురాజు కాళ్ళకేసి చూసుకున్నాడు. కీలు పూసినా పాతపడవ కదా, అడుగు సందుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి. రోజూ ఊరేవే. మంగాయమ్మ ఆ వైపు తిరిగి చెంబుతో చప్పుడు కాకుండా తోడి పోస్తోంది. అబ్బులు ఆవులించడం మానేసి పాత గోనె ఒకటి కాలితో అడుక్కి తోస్తున్నాడు. కానీ ముగ్గురు అధికారుల బరువు మామూలు బరువా? నీళ్ళు డైరెక్టరు గారి బూట్ల దాకా వచ్చాయి.

"ఏమిది? పడవలోనికి నీరు వచ్చుచున్నట్లున్నదే?"

"అబ్బే, లేదండి," అన్నాడు పోతురాజు, చుక్కాని గట్టిగా పట్టుకుని.

"బూట్లు తడిసినవి."

"మీరొచ్చారని గోదారి కాళ్ళు కడుగుతందండి. ఆయ్."

డైరెక్టరు గారు పొంగిపోయి, కలం మూసి జేబులో పెట్టుకుని, కాళ్ళు కాస్త పైకెత్తి కూచున్నారు. మంగాయమ్మ ఇంకో చెంబు తోడింది. పోతురాజు మీసం సవరించుకుని, లంకకేసి చూసి, గట్టిగా కూత వేశాడు.